మైకేల్ రుజిచ్ కూడా డ్రాగన్ బెండర్‌లాగే అవుతాడా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మైకేల్ రుజిచ్ అనే క్రొయేషియా బాస్కెట్‌బాల్ కుర్రాడి వీడియోలు చూశారు. 2006లో పుట్టాడు, ఫార్వర్డ్, స్పెయిన్‌లోని హోవెంతుత్ బడలోనా క్లబ్‌లో పెరిగాడు, టీనేజ్‌లోనే సీనియర్ జట్టులో దిగాడు. అంత పొడుగువాడు అంత సులువుగా షాట్ వేయడం చూసి ముచ్చటేసింది. కానీ పదేళ్ల క్రితం డ్రాగన్ బెండర్ గురించి కూడా అందరూ ఇలాగే చెప్పుకున్నారు, తీరా ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) నిలబడలేకపోయాడు కదా, ఇతనూ అలాగే అవుతాడా, ముందే తెలుసుకునే దారి ఉందా అని మీ సందేహం.

ఖాయంగా చెప్పే దారి లేదు. కానీ ఎక్కడ చూడాలో మాత్రం చెప్పగలను. జూనియర్ జట్లకు చాలా ఏళ్లు కోచింగ్ ఇచ్చిన అలవాటు కొద్దీ నేను కుర్రాడి ఎత్తు, షాట్ తర్వాత చూస్తాను. ముందు చూసేది, జట్టు అతనికి ఏ పని అప్పగించింది, ఆ పని చేయడానికి ఎన్ని నిమిషాలు ఇస్తోంది అన్నదే. క్రొయేషియా నుంచి గత పదిహేనేళ్లలో వచ్చిన నలుగురిని (బెండర్, షారిచ్, జుబాట్స్, హెజోన్యా) పక్కపక్కన పెడితే నేను ఎందుకిలా అంటున్నానో మీకే తెలుస్తుంది.

బెండర్ 1997లో బోస్నియా-హెర్జెగోవినాలోని చాప్లినలో పుట్టాడు, ఆట క్రొయేషియాలోని స్ప్లిట్‌లో నేర్చుకున్నాడు. పదహారేళ్లకే ఇజ్రాయెల్ క్లబ్ మక్కాబీ టెల్ అవీవ్ తీసుకుంది. మొదటి ఏడాది ఇజ్రాయెల్ రెండో డివిజన్‌లోని ఒక జట్టుకు ఆడమని పంపింది. రెండో ఏడాది, అంటే 2015-16లో, సొంత జట్టులో ఉంచుకుంది, కానీ ఎక్కువగా బెంచ్ మీదే. సీజన్ మధ్యలో కోచ్ కూడా మారాడు. అతన్ని చూడటానికి అమెరికా నుంచి వచ్చిన స్కౌట్లకు మ్యాచ్‌లో దొరికేది కొద్ది నిమిషాలు మాత్రమే. అయినా 2016 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఫీనిక్స్ సన్స్ అతన్ని 4వ పిక్‌గా (నాలుగో ఎంపికగా) తీసుకుంది. అందుకు కారణం వెతకాలంటే అంతకుముందు ఏడాదికి వెళ్లాలి. 2015లో అదే 4వ నంబర్‌లో న్యూయార్క్ తీసుకున్న లాత్వియా కుర్రాడు క్రిస్టాప్స్ పోర్జింగిస్ మొదటి సీజన్‌లోనే అందర్నీ ముక్కున వేలేసుకునేలా చేశాడు. దాంతో మరుసటి ఏడాది ప్రతి జట్టూ మరో పోర్జింగిస్ కోసం వెతికింది. ఏడడుగులు దాటిన ఎత్తు, చేతిలో షాట్, పద్దెనిమిదేళ్ల వయసు: బెండర్ ఆ లెక్కలో సరిగ్గా ఇమిడాడు.

తర్వాత జరిగింది చూడండి. అదే డ్రాఫ్ట్ రాత్రి ఫీనిక్స్ 8వ పిక్ కోసం సాక్రమెంటోతో ట్రేడ్ చేసి మార్కీస్ క్రిస్‌ను తెచ్చుకుంది. అతనూ పవర్ ఫార్వర్డే, అతనూ టీనేజరే. ఒకే స్థానానికి ఒకే రాత్రి ఇద్దరు కుర్రాళ్లు! మొదటి సీజన్‌లో బెండర్ చీలమండకు సర్జరీ అయి 43 మ్యాచ్‌లే ఆడాడు, సగటు 3.4 పాయింట్లు. రెండో సీజన్ మొదలై మూడు మ్యాచ్‌లు కాగానే కోచ్ ఎర్ల్ వాట్సన్‌ను తీసేశారు. ఆ ఏడాది తాత్కాలిక కోచ్ జే ట్రియానో కింద బెండర్ 82 మ్యాచ్‌లూ ఆడి, మూడు పాయింట్ల షాట్లలో 36 శాతానికి పైగా వేశాడు. ఇరవై ఏళ్లవాడికి అది తీసిపారేయాల్సిన సీజన్ కాదు. కానీ మూడో ఏడాదికి మళ్లీ కొత్త కోచ్ ఇగోర్ కొకోష్కోవ్ వచ్చాడు, 2018 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా డియాండ్రే ఏటన్ వచ్చాడు. ఆ ఏడాదే బెండర్ కాంట్రాక్ట్‌ను పొడిగించకుండా వదిలేశారు. మిల్వాకీలో కొన్ని నెలలు, గోల్డెన్ స్టేట్‌లో కొన్ని మ్యాచ్‌లు, ఆ తర్వాత తిరిగి మక్కాబీకే.

బెండర్‌కు మనసు మెత్తన, శరీరం బలం చాలదు అని చాలామంది రాశారు. అందులో కొంత నిజం ఉంది, నేను కాదనను. కానీ ఆ మూడేళ్లలో ఫీనిక్స్‌లో ఎవరైనా అతనితో ‘ఇదిగో, నీ పని ఇదీ’ అని ఒక్క మాట చెప్పారా అన్నది నా అనుమానం. అన్నీ చేయగలడు అని తీసుకొచ్చారు. అన్నీ చేయగలడు అన్న కుర్రాడికి ఏ పనీ ప్రత్యేకంగా అప్పజెప్పరు. షాట్ వేయడానికి మూలన నిలబడమంటారు, అది పడకపోతే కూర్చోమంటారు.

ఇక్కడ బాల్కన్ బాస్కెట్‌బాల్ గురించి ఒక ముక్క చెప్పాలి. మన దగ్గర ఆరున్నర అడుగుల కుర్రాడు కనిపిస్తే చాలు, రింగ్ కింద నిలబెట్టి ‘చేతులెత్తి నిలబడరా’ అంటాం. పాత యుగోస్లావియా నుంచి వచ్చిన పద్ధతి దీనికి పూర్తిగా ఉల్టా. పొడుగువాడైనా పొట్టివాడైనా డ్రిబ్లింగ్, పాసింగ్ సమానంగా నేర్పుతారు. స్ప్లిట్ నుంచి వచ్చిన టోనీ కూకోచ్ అలా తయారైనవాడే. దాదాపు ఏడడుగుల మనిషి, బంతి నడిపించే గార్డ్‌లా పాస్‌లిచ్చేవాడు. 1989, 90, 91లో వరసగా మూడుసార్లు యూరప్ క్లబ్ కప్ గెలిచిన జట్టుకు ప్రాణం అతనే. ఈ పద్ధతి గొప్పదే. కాకపోతే పదహారేళ్లకు అన్నీ కొంచెం కొంచెం వచ్చిన కుర్రాడు ఇరవై రెండేళ్లకు ఒక్కటైనా పూర్తిగా రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఓపిగ్గా ఆడించాలి. కూకోచ్‌ను షికాగో బుల్స్ 1990లో 29వ పిక్‌గా తీసుకున్నా అతను వెళ్లింది 1993లో. అప్పటికి ఇటలీలో ట్రెవీజోకు రెండేళ్లు ఆడాడు, ఒలింపిక్ వెండి పతకం మెడలో ఉంది, పాతికేళ్లు దగ్గరపడ్డాయి.

డ్రాజెన్ పెట్రోవిచ్ సంగతి ఇంకా చిత్రం. షిబెనిక్ కుర్రాడు, జాగ్రెబ్‌లోని సిబోనాతో 1985, 1986ల్లో యూరప్ చాంపియన్, 1985లో ఒకే మ్యాచ్‌లో 112 పాయింట్లు కొట్టినవాడు. అంతటివాడు 1989లో పోర్ట్‌లాండ్ వెళ్తే మొదటి ఏడాది మ్యాచ్‌కు 12, 13 నిమిషాలు ఇచ్చారు, రెండో ఏడాది ఏడుకు దించారు. 1991 జనవరిలో న్యూజెర్సీ నెట్స్‌కు మారాడు. ఆ తర్వాత రెండు పూర్తి సీజన్లలో సగటు 20.6, 22.3. అదే మనిషి, అదే షాట్. 1993 జూన్‌లో జర్మనీలో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి ఇంకా 28 ఏళ్లే. క్రొయేషియాలో ఏ కుర్రాడు రెండు మంచి మ్యాచ్‌లు ఆడినా జనం ఎందుకంత ఆశపడతారో అర్థం కావాలంటే ఈ మనిషి గురించి తెలియాలి. 2021 లెక్కల ప్రకారం ఆ దేశ జనాభా 39 లక్షల లోపు, హైదరాబాద్‌లో సగం కూడా కాదు. అయినా స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో, మైకేల్ జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్ ఉన్న అమెరికాతో ఫైనల్ ఆడింది.

ఇదంతా చూసి ‘అయితే ఆలస్యంగా వెళ్తే సరిపోతుంది, నిదానమే ప్రధానం’ అనుకోవచ్చు. డారియో షారిచ్ ఆ మాటకు మంచి సాక్షి. 1994లో షిబెనిక్‌లోనే పుట్టాడు, అమ్మానాన్నలిద్దరూ బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లే. డబ్బుల్లేక కటకటలాడుతున్న సిబోనాను 2014లో భుజాన వేసుకుని, పాత యుగోస్లావియా దేశాల క్లబ్బులు ఆడే ఏబీఏ లీగ్ గెలిపించి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆ జూన్‌లోనే 12వ పిక్‌గా డ్రాఫ్ట్ అయి, ఫిలడెల్ఫియా చేతికి వచ్చాడు. కానీ అమెరికా వెళ్లలేదు, ఇస్తాంబుల్‌లోని ఎఫెస్‌కు వెళ్లి రెండేళ్లు ఆడాడు. 2016లో ఫిలడెల్ఫియా చేరినప్పుడు 22 ఏళ్లు. మొదటి ఏడాది 12.8 పాయింట్లు, రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) ఓటింగ్‌లో రెండో స్థానం. ఇంకో విషయం: మొదటి రౌండ్ పిక్‌లకు జీతం నంబర్‌ను బట్టి ముందే ఖరారై ఉంటుంది. డ్రాఫ్ట్ అయి మూడేళ్లు గడిస్తే ఆ పరిమితి పోతుంది. ఇంకొక్క ఏడాది ఆగి ఉంటే బేరమాడుకునే వీలుండేది, అయినా ఇచ్చిన మాట ప్రకారం వచ్చేశాడు.

అమెరికా వెళ్లే ముందు ఆ వేసవిలో రియో ఒలింపిక్స్‌లో స్పెయిన్‌తో ఆడిన మ్యాచ్ వీలైతే చూడండి. క్రొయేషియా 72, స్పెయిన్ 70, చివరి సెకన్లు. బంతి పావ్ గసోల్ చేతిలో ఉంది, అప్పటికి పదిహేనేళ్ల ఎన్‌బీఏ అనుభవం. రింగ్ దగ్గర సమం చేసే షాట్‌కు లేచాడు. వెంట వచ్చిన షారిచ్ పైనుంచి చెయ్యేసి ఆ షాట్‌ను ఆపేశాడు. షారిచ్ పెద్దగా ఎగిరే ఆటగాడు కాదు. ఎప్పుడు ఎగరాలో తెలిసినవాడు, అంతే. ఇస్తాంబుల్‌లో, సిబోనాలో ముఖ్యమైన మ్యాచ్‌ల చివరి నిమిషాలు బెంచ్ మీద కాకుండా కోర్టులో గడిపినందుకు వచ్చిన తెలివి అది.

కానీ ఆలస్యంగా వెళ్లడమే మంత్రం అనుకుంటే ఇవిట్సా జుబాట్స్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. బెండర్ డ్రాఫ్ట్ అయిన 2016లోనే, అదే జాబితాలో కాస్త కింద, 32వ పిక్‌గా, అంటే రెండో రౌండ్‌లో, లాస్ ఏంజెలిస్ లేకర్స్ తీసుకున్న కుర్రాడు, ఊరు బోస్నియాలోని మోస్తార్. వెళ్లేనాటికి 19 ఏళ్లే. అప్పటికి యూరప్‌లోనూ పేరు మోగలేదు. సిబోనాలో డబ్బు కష్టాలు పడి సీజన్ మధ్యలో సెర్బియా క్లబ్ మెగాకు మారినవాడు. మరి ఇతను ఎలా నిలబడ్డాడు?

అతను సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగువాడు. సెంటర్ మాత్రమే. మూలన నిలబడి త్రీలు వేయమని ఎవరూ అడగలేదు. స్క్రీన్ పెట్టు (మనవాణ్ణి కాపు కాసేవాడికి అడ్డంగా నిలబడు), రింగ్ వైపు వెళ్లు, రీబౌండ్ పట్టు, వెనక్కి వచ్చి రింగ్ కాపాడు. ఖరీదు తక్కువ, ఆశలు తక్కువ, కాబట్టి లేకర్స్ వాళ్లు అతన్ని తమ డెవలప్‌మెంట్ లీగ్ జట్టుకు పంపి ఆడించడానికి వెనకాడలేదు. 2019 ఫిబ్రవరిలో ఒక షూటర్ కావాలని మైక్ ముస్కాలా కోసం అతన్ని అదే ఊరి క్లిప్పర్స్‌కు ఇచ్చేశారు. అప్పట్లో రెండు జట్లదీ ఒకటే స్టేడియం, కాబట్టి పాపం లాకర్ రూమ్ మారితే సరిపోయింది. లేకర్స్ అభిమానులు ఆ ట్రేడ్ గురించి ఇప్పటికీ పళ్లు కొరుకుతారు.

క్లిప్పర్స్‌లో మొదట మ్యాచ్ మొదలుపెట్టేవాడు, కానీ ఆడేది 18 నిమిషాలే. చివర్లో మోంట్రెజ్ల్ హారెల్ వచ్చేవాడు. మరుసటి ఏడాది సెర్జ్ ఇబాకా వస్తే జుబాట్స్ బెంచ్‌కు వెళ్లాడు, ఇబాకా నడుం నొప్పితో తప్పుకుంటే మళ్లీ మొదటి ఐదుగురిలోకి వచ్చాడు. ఏళ్లు మారినా పని మాత్రం మారలేదు. ఆ పనిలో నిమిషాలు పెరుగుతూ పోయాయి. 2024-25 నాటికి మ్యాచ్‌కు దాదాపు 33 నిమిషాలు, 16.8 పాయింట్లు, 12.6 రీబౌండ్లు, ఆల్ డిఫెన్సివ్ రెండో జట్టులో చోటు.

అతని డిఫెన్స్ ఒక్కసారి శ్రద్ధగా చూడండి, స్కోరు వైపు చూడకుండా. ఎదుటి గార్డ్ స్క్రీన్ దాటి వస్తుంటే జుబాట్స్ అతని మీదికి ఎగబడడు. చేతులు రెండూ చాచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూ, బంతి ఉన్నవాడికీ రింగ్ వైపు దూసుకొచ్చే పొడుగువాడికీ సరిగ్గా మధ్యలో ఉంటాడు. ఒక అడుగు ముందుకు పడితే వెనకాల లాబ్ (తల మీదుగా ఎత్తి వేసే పాస్) పడుతుంది, ఒక అడుగు వెనక్కి పడితే గార్డ్ తేలిగ్గా షాట్ వేస్తాడు. ఆ రెంటి మధ్య ఉండే చోటు ప్రతి గార్డ్‌కూ వేరేగా ఉంటుంది. అది జిమ్‌లో నేర్చుకునేది కాదు, వేల సార్లు మ్యాచ్‌లో తప్పు చేసి నేర్చుకునేది. బెండర్‌కు అన్నిసార్లు ఒకే తప్పు చేసే అవకాశం దొరకలేదు.

నాలుగోవాడు మారియో హెజోన్యా, డుబ్రోవ్నిక్ కుర్రాడు. 2015లో 5వ పిక్, ఓర్లాండో. మన సత్నామ్ సింగ్‌ను 52వ పిక్‌గా డల్లాస్ తీసుకున్న రాత్రే. బార్సిలోనా క్లబ్‌లో కొద్ది నిమిషాలే ఆడుతూ అక్కడికి వెళ్లాడు, ఆత్మవిశ్వాసం మాత్రం కొండంత. ఓర్లాండో, న్యూయార్క్, పోర్ట్‌లాండ్, ఐదేళ్లూ అటూ ఇటూ గడిచాయి. యూరప్ తిరిగొచ్చాక రియల్ మాడ్రిడ్‌లో నిలబడి 2023లో యూరప్ క్లబ్బుల అగ్ర టోర్నీ యూరోలీగ్ గెలిచాడు, 2024లో ఆల్ యూరోలీగ్ మొదటి జట్టులోకి వచ్చాడు. ఇతన్ని ‘ఫెయిల్’ అనేవాళ్లతో నాకు పేచీ. ఎన్‌బీఏలో ఎనిమిదో ఆటగాడిగా ఉండటం కన్నా మాడ్రిడ్‌లో జట్టు మొత్తం నీ మీద ఆధారపడటం తక్కువేమీ కాదు.

జూనియర్ పతకాలు చూసి చెప్పొచ్చా అని కూడా అడిగారు. వాటిని బట్టి లెక్క వేయొద్దు. 2010 అండర్-16 యూరప్ టోర్నీలో క్రొయేషియా గెలిస్తే షారిచ్ ఎంవీపీ, 2011లో మళ్లీ గెలిస్తే హెజోన్యా ఎంవీపీ. 2015 అండర్-19 ప్రపంచ కప్ ఫైనల్లో జుబాట్స్, ఆంటే జిజిచ్ ఉన్న జట్టు అమెరికాను ఓవర్‌టైమ్ దాకా లాగింది. ఇన్ని పతకాలు తెచ్చిన దేశం సీనియర్ ప్రపంచ కప్ చివరిసారి ఆడింది 2014లో, ఒలింపిక్స్ 2016లో. యూరప్ దేశాల చాంపియన్‌షిప్ యూరోబాస్కెట్‌కైతే 2025లో అర్హతే పొందలేదు. పిల్లల్ని తయారు చేయడం వచ్చు, ఇరవై ఏళ్లు దాటాక వాళ్లను ఆడించేంత బలమైన క్లబ్బులు ఇంట్లో లేవు. అందుకే చాలామంది పదహారు, పదిహేడేళ్లకే సరిహద్దు దాటేస్తున్నారు.

రుజిచ్ విషయంలో నాకు నచ్చింది అతను ఉన్న చోటు. హోవెంతుత్ పెద్ద డబ్బున్న క్లబ్ కాదు, సొంత అకాడమీ పిల్లల్ని ఆడించక తప్పదు. రికీ రూబియోను పద్నాలుగేళ్లకే స్పెయిన్ మొదటి లీగ్‌లో దించింది వీళ్లే, రూడీ ఫెర్నాండెజ్ కూడా అక్కడివాడే. మక్కాబీలాంటి చోట ప్రతి మ్యాచ్ గెలవాలన్న టెన్షన్‌లో కుర్రాడికి ఓపిక చూపించరు. ఇక్కడ కొంతైనా చూపిస్తారు. అలాగని అదీ పిల్లల ఆట కాదు. ముప్పై దాటిన ఆటగాళ్లు మోచేతులతో బాస్కెట్‌బాల్ నేర్పే లీగ్ అది.

బెండర్ కాలంలో లేని దారి ఇంకొకటి ఇప్పుడు తెరుచుకుంది, అమెరికా కాలేజీలు. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. షిబెనిక్ పక్కనున్న వోడిట్సె నుంచి వచ్చిన ఇవిషిచ్ కవలలు, తోమిస్లావ్, జ్వోనిమీర్, మాంటెనెగ్రోలో ఆడి ఇలాగే వెళ్లారు. ఒకరు ఇల్లినాయ్‌లో చేరితే, ఇంకొకరు కెంటకీ, ఆర్కన్సా మీదుగా అక్కడికే చేరారు. ఏడడుగుల అన్నదమ్ములిద్దరికీ నిజంగా కోర్టులో ఆడే అవకాశం దొరికింది. యూరప్ క్లబ్‌లో ఐదు నిమిషాలు దొరికే పద్దెనిమిదేళ్ల వాడికి కాలేజీలో పాతిక నిమిషాలు దొరుకుతాయంటే నేను వెళ్లమనే చెబుతాను. కానీ యూరప్‌లోనే పదిహేను నిమిషాలు దొరుకుతుంటే మాత్రం కదలొద్దంటాను. పద్దెనిమిదేళ్ల వాళ్ల మీద పాతిక నిమిషాల కన్నా పెద్దవాళ్ల మీద పదిహేను నిమిషాలు ఎక్కువ నేర్పుతాయి. దీనితో ఏకీభవించని కోచ్‌లు చాలామందే ఉన్నారు.

కాబట్టి అతని పేరు డ్రాఫ్ట్ అంచనాల్లో ఎన్నో నంబర్‌లో ఉందో వారం వారం చూస్తూ కూర్చోకండి. మొదటి రౌండ్ చివర్లోనో రెండో రౌండ్‌లోనో పోతే బాధపడక్కర్లేదు. జాబితాలో పైన పేరున్నందుకు వచ్చే ఒత్తిడి ఉండదు, ఇంకో ఏడాది యూరప్‌లో ఆడుకుని రమ్మనే జట్లూ ఉంటాయి. ఏ జట్టు తీసుకుంది, అక్కడ అదే స్థానంలో ఇంకెంతమంది కుర్రాళ్లున్నారు, కోచ్ ఎన్నాళ్లుంటాడు, ఇవి నంబర్ కన్నా ముఖ్యం.

వీడియో హైలైట్లు మానేసి పూర్తి మ్యాచ్ చూడండి. స్పెయిన్ లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే, వాటిలో కొన్ని మనకు సాయంత్రమో రాత్రి మొదట్లోనో వస్తాయి, అవి చూస్తే నిద్ర చెడదు. మొత్తం చూసే ఓపిక లేకపోతే రెండో క్వార్టర్ చూడండి, బెంచ్ నుంచి కుర్రాళ్లు ఎక్కువగా దిగేది అప్పుడే. అతను షాట్ వేశాడా లేదా అన్నది వదిలేయండి. డిఫెన్స్‌లో ఎవర్ని అప్పగించారు, అందరికన్నా బలహీనుడినా, ఆ రోజు బాగా ఆడుతున్నవాడినా? ఒక తప్పు చేశాక కోచ్ వెంటనే పిలిచి కూర్చోబెట్టాడా, ఇంకో మూడు నిమిషాలు ఉంచాడా? సీజన్ మొదట్లో ఒకసారి, మార్చి తర్వాత ఒకసారి ఈ రెండూ రాసి పెట్టుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు నాకన్నా ముందే మీకు తెలుస్తుంది.